థీసిస్ పెట్టుకుంటే డిగ్రీ ఇరుక్కుపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి టెక్కలిలో ఈఈఈ చివరి ఏడాది. సీజీపీఏ 7.8. అమెరికా పంపాలనుకుంటున్నాం. పవర్ సిస్టమ్స్‌లో థీసిస్‌తో ఎమ్మెస్ చేస్తానంటోంది. కన్సల్టెన్సీ వాళ్లేమో థీసిస్ వద్దు, ప్రొఫెసర్ చేతిలో పడితే ఎప్పటికి వదులుతాడో తెలీదు, కోర్సులు తీసుకుని వీఎల్‌ఎస్‌ఐ (చిప్‌ల డిజైన్)లో 16 నెలల్లో బయటపడమంటున్నారు. లోనుకు జీడితోట తనఖా పెట్టాలి. థీసిస్‌కు ఏమేం ఉండాలి? రెండింటిలో ఏది మేలు?
– ఒక తండ్రి, పలాస

జవాబు: మీరు అడిగింది అర్హతల గురించి, మీ దిగులు మాత్రం తోట గురించి. థీసిస్ తెమలక, డిగ్రీ చేతికి రాక, వడ్డీ పెరుగుతూ పోతే ఏమిటన్నదే కదా? ముందు దానికే చెబుతాను. డిగ్రీ ఇరుక్కుపోదు. చాలా యూనివర్సిటీల్లో థీసిస్ కుదరకపోతే కోర్సుల దారికి మారొచ్చు. థీసిస్ కింద కట్టిన క్రెడిట్లు (చదువును కొలిచే పాయింట్లు) కోర్సులుగా లెక్కకు రాకపోవచ్చు. వాటి బదులు మరో రెండు మూడు సబ్జెక్టులు చదవాలి. పోతే ఒక సెమిస్టరు పోతుంది, అంతే. పైగా చాలాచోట్ల ఇది ఇప్పుడు పలాసలో కూర్చుని తేల్చాల్సిన సంగతే కాదు. అక్కడ మొదటి సెమిస్టరు అయ్యాక తేలుతుంది.

ఇక లెక్క. అమెరికాలో ఎలక్ట్రికల్ ఎమ్మెస్ సాధారణంగా 30 క్రెడిట్లు. కోర్సుల దారిలో మూడేసి క్రెడిట్ల సబ్జెక్టులు పది. థీసిస్ దారిలో 21 నుంచి 24 క్రెడిట్లు సబ్జెక్టులకు, మిగిలిన 6 నుంచి 9 థీసిస్‌కు. గ్రేడు సగటు 4కి 3 తగ్గకూడదు. ఇవేవీ మీ అమ్మాయికి అడ్డు కావు. అసలు షరతు ఒక్కటే: గైడుగా ఉండడానికి ఒక ప్రొఫెసర్ ఒప్పుకోవాలి. ఆ తర్వాత ఆయనతో కలిపి సాధారణంగా ముగ్గురితో కమిటీ, చివర మన వైవా లాంటి డిఫెన్స్.

ఆ ప్రొఫెసర్ మార్కుల కంటే ముందు అడిగేది బీటెక్ ప్రాజెక్టు గురించి. మనవాళ్లు ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. అమీర్‌పేటలో కొన్న ప్రాజెక్టులో కంట్రోలర్ గెయిన్ ఆ విలువే ఎందుకు పెట్టావంటే జవాబుండదు. మీ అమ్మాయికి ఇంకా టైముంది కాబట్టి ఒక పని చేయమనండి. కరెంటు పంపిణీ మీది రీసెర్చి పేపర్లలో అందరూ వాడే 33 బస్‌ల ఫీడర్ నమూనా ఒకటుంది. ఫీడరంటే సబ్‌స్టేషన్ నుంచి కరెంటు పంచే లైను, బస్ అంటే దాని మీద లైన్లు కలిసే చోటు. 12.66 కిలోవోల్టులు, మొత్తం లోడు 3,715 కిలోవాట్లు. దాని లోడ్ ఫ్లో ప్రోగ్రామ్, అంటే ఎక్కడ ఎంత కరెంటు, ఎంత వోల్టేజీ ఉంటుందో లెక్కగట్టేది, సొంతంగా రాయాలి. లైన్ నష్టం సుమారు 202.7 కిలోవాట్లు, అతి తక్కువ వోల్టేజీ 18వ బస్ దగ్గర 0.913 పర్ యూనిట్ (ఉండాల్సిన వోల్టేజీలో 91.3 శాతం) రావాలి. రాకపోతే సాధారణంగా పర్ యూనిట్ బేస్‌లో తప్పు ఉంటుంది, లేదా తెరిచి ఉండాల్సిన ఐదు టై స్విచ్‌లను (లైన్లను అడ్డంగా కలిపేవి) మూసేసి ఉంటుంది. మ్యాట్‌పవర్ అనే సాఫ్ట్‌వేర్‌తో సరిచూసుకోవచ్చు, అది ఉచితం. తర్వాత ఏ స్విచ్ తెరిచి ఏది మూస్తే నష్టం 139.5 కిలోవాట్ల దాకా దిగుతుందో వెతకాలి. ఇదంతా తన చేత్తో చేసిన పిల్ల ప్రొఫెసర్‌కు ఆరు లైన్ల ఈమెయిలు రాసినా చాలు. కన్సల్టెన్సీ రాసిచ్చే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఎందుకు చదవాలనుకుంటున్నానో చెప్పే వ్యాసం) ఆ పని చేయలేదు.

ఆలస్యం ఎక్కడ జరుగుతుందో కూడా చెప్పాలి. హార్డ్‌వేర్ థీసిస్ అయితే సర్క్యూట్ బోర్డులో ఒక తప్పు దొర్లినా మళ్లీ చేయించడానికి వారాలు పోతాయి. కరెంటు కంపెనీ డేటా ఇస్తుందని నమ్ముకుని మొదలుపెడితే అది ఎప్పటికీ రాకపోవచ్చు. గైడు సెలవు మీద వెళ్లవచ్చు, వేరే యూనివర్సిటీకి మారవచ్చు. అందుకే రెండో సెమిస్టరు లోపే రీసెర్చి ప్రశ్నను చిన్నగా, పబ్లిక్ డేటాతో తేలేలా కుదించుకోవాలి. రాతప్రతి కమిటీ చేతికి డిఫెన్స్‌కు రెండు వారాల ముందైనా చేరాలి. అయినా ఆలస్యమైతే ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) గడువు ముగియకముందే పొడిగింపు అడగాలి. రీసెర్చిలో అనుకోని అడ్డంకి రావడం దానికి చెల్లే కారణమే. గడువు దాటాక అడిగితేనే చిక్కు.

వీఎల్‌ఎస్‌ఐ మాట. ఆ రంగం మంచిదే, నా అనుమానం అందులోకి తోస్తున్న పద్ధతి మీద. ఈఈఈ పిల్లలకు వెరిలాగ్ (చిప్ డిజైన్‌కు వాడే కోడ్ భాష), కంప్యూటర్ ఆర్కిటెక్చర్ పునాది పలచన. అక్కడ ముందు బీటెక్ స్థాయి సబ్జెక్టులు చదవమంటారు, అవి 30 క్రెడిట్లలో కలవకపోవచ్చు. అప్పుడు ఆ 16 నెలల మాట ఎక్కడ నిలుస్తుంది? పైగా చిప్ కంపెనీల నియామకాలు అలల్లా వస్తాయి, పోతాయి. తగ్గిన ఏడాది బయటికొస్తే, ఒకే రకం క్లాసు ప్రాజెక్టులు రెజ్యూమెలో పెట్టుకున్న వందలమందిలో ఒకరవుతుంది. పవర్ వైపూ కష్టం లేకపోలేదు. అక్కడి విద్యుత్ సంస్థల్లో చాలావరకు వీసా స్పాన్సర్ చేయవు. కన్సల్టింగ్ సంస్థలు, పరికరాల కంపెనీల వైపు ఎక్కువగా చూడాలి. వీసా లెక్కలో మాత్రం థీసిస్‌కు నష్టమేమీ లేదు: ఓపీటీ (చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసే అనుమతి) 12 నెలలు, ఆపై ఎస్టీఈఎం (సైన్సు, ఇంజినీరింగ్ లాంటి చదువులకు) పొడిగింపు 24 నెలలు, రెండు దారులకూ ఒకటే. హెచ్-1బీ ఉద్యోగ వీసాలో అక్కడ మాస్టర్స్ చేసినవారికి ఉన్న 20,000 కోటా కూడా అంతే.

ఒక మాట కటువుగా చెప్పక తప్పదు. మీ ఉత్తరంలో కన్సల్టెన్సీ మాట ఉంది, తోట ఉంది. పవర్ సిస్టమ్సే ఎందుకని మీ అమ్మాయిని అడిగినట్టు ఎక్కడా లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి తోటలూ కరెంటు స్తంభాలూ కలిసి నేలకూలినప్పుడు తను హైస్కూలు పిల్ల. కారణం అదే కావచ్చు, కాకపోవచ్చు. కన్నవారు అడిగి తెలుసుకోవాలి కదా! చదవాల్సింది తను, రెండేళ్లు ఆ ప్రశ్నతో కాపురం చేయాల్సిందీ తనే.

లోను సంగతి. అసిస్టెంట్‌షిప్ (ప్రొఫెసర్ల దగ్గర పనిచేస్తే యూనివర్సిటీ ఇచ్చే డబ్బు) వస్తుందని లెక్క తగ్గించుకోవద్దు. అది ముందు పీహెచ్‌డీ వాళ్లకే పోతుంది. వస్తే మిగులుబాటు, రాకున్నా నడిచేలా ఉండాలి. ఒక అదనపు సెమిస్టరు ఇంటి అద్దె, తిండి, ఇన్సూరెన్సు కూడా కలిపి చూడండి. అంత భారం మోయలేమనిపిస్తే తోట జోలికే పోనక్కర్లేదు. ఇక్కడి ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ రాసి ఉంటే స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఐఐటీ మద్రాసులో ఎమ్మెస్, బెంగళూరు ఐఐఎస్సీలో ఎంటెక్ రీసెర్చ్ పూర్తిగా థీసిస్ డిగ్రీలే. మామూలు ఎంటెక్‌కు కూడా గేట్ మీద నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఉంది, రెండో ఏడాది ఎక్కువభాగం థీసిస్ పనే.

కన్సల్టెన్సీకి అడ్వాన్సు కట్టకుండా ఒక నెల ఆగండి. ఆ 33 బస్‌ల ఫీడర్‌లో 202.7 వచ్చాక, ఈసారి ఉత్తరం అమ్మాయినే రాయమనండి.