నలభై ఫైళ్ల మధ్య నేను రాసింది ఏది?

ప్రశ్న: అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం మాది. పచ్చికాయ, కురిడీ లెక్కలకు పైథాన్‌లో సొంతంగా ప్రోగ్రామ్ రాసుకున్నాను. కురిడీకి సైజును బట్టి ధర వేసే మార్పు సగంలో ఉంది. ఇంతలో సెలవులకు వచ్చిన మేనల్లుడు ‘కోడ్ చిందరవందరగా ఉంది మామయ్యా’ అంటూ కోడ్ రూపాన్ని తీర్చిదిద్దే బ్లాక్ అనే సాధనాన్ని ఫోల్డరు మొత్తం మీద నడిపాడు. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో తేడాలు చూపే డిఫ్ తెరిస్తే ఇప్పుడు నలభై ఫైళ్లు మారినట్టు కనిపిస్తున్నాయి. అంతా వెనక్కి తిప్పేయాలా?
– ఒక వ్యాపారి, అంబాజీపేట

జవాబు: తిప్పకండి, మీ కురిడీ ధరలు కూడా పోతాయి. అబ్బాయి చేసిన పని మంచిదే, ఎంచుకున్న వేళే బాగాలేదు. లెక్కలు మారతాయని భయపడనక్కరలేదు. బ్లాక్ ముట్టుకునేది ఖాళీలు, వరుసల విరుపు, కొటేషన్ గుర్తుల వంటివాటినే. సరిదిద్దక ముందు, తర్వాత కోడ్ అర్థం ఒకటేనా అని తానే పోల్చుకుంటుంది. వరుసకు 88 అక్షరాలు దాని హద్దు. పైథాన్ వారి శైలి నియమావళి పెప్ 8 మాత్రం 79 అంటుంది. ఆ తగవు మనకెందుకు!

ముందు ఫోల్డరుకు ఒక నకలు తీసి పెట్టుకోండి. తర్వాత గిట్ స్టాష్ అనే ఆదేశంతో ఇప్పటి మార్పులన్నీ పక్కన పెడితే పాత కోడ్ తిరిగి వస్తుంది. దాని మీద బ్లాక్ నడిపి, ఆ ఫలితాన్ని విడిగా కమిట్ చేయండి, అంటే గిట్‌లో నమోదు చేయండి. ఇక్కడే చాలామంది, పక్కన పెట్టినదాన్ని తిరిగి కలిపే స్టాష్ పాప్ కొడతారు. మీరు ధరలు మార్చిన వరుసలనే బ్లాక్ కూడా మార్చి ఉంటే, ఏది ఉంచాలో గిట్‌కు తేలక ఘర్షణ వస్తుంది. పాప్ బదులు గిట్ రిస్టోర్‌కు ఆ స్టాష్‌నే మూలంగా చూపించి, ఫైళ్లను యథాతథంగా తెచ్చుకోండి. బ్లాక్ చేసిన సర్దుబాటు రెండు వైపులా ఒకటే కాబట్టి అది డిఫ్‌లో కనిపించదు, మీరు రాసిన ధరల వరుసలే మిగులుతాయి. మేనల్లుడు వాడిన బ్లాక్ వెర్షనే మీరూ వాడితేనే ఈ ఉపాయం పారుతుంది.

ఒక చిక్కు మిగులుతుంది. ఏ వరుస ఏ కమిట్‌లో మారిందో చెప్పే గిట్ బ్లేమ్‌ను రేపు అడిగితే ప్రతి మూడో వరుసకూ ఈ సర్దుబాటు కమిట్‌నే చూపిస్తుంది. 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి దీనికి మందు ఉంది. ఆ కమిట్ సంఖ్యను, నలభై అక్షరాలూ పూర్తిగా, ఒక ఫైల్లో రాసి పెట్టి, గిట్ సెట్టింగుల్లో ‘బ్లేమ్ ఇగ్నోర్ రెవ్స్ ఫైల్’ దగ్గర దాని పేరు ఇవ్వండి. మేనల్లుడి కంప్యూటర్‌లో ఈ సెట్టింగు మళ్లీ విడిగా పెట్టాలి, ఫైలుతో పాటు అది వెళ్లదు.