ఇద్దరికీ అదే జబ్బు, అదే మాత్ర.. ఒకరికే ఎందుకు పనిచేసింది?

ప్రశ్న: మా అమ్మ వయసు 56. ఏనాడూ చుట్ట, బీడీ ముట్టలేదు. దగ్గు తగ్గకపోతే టీబీ అని మూడు నెలలు మందులు వాడించారు. చివరికి ఊపిరితిత్తుల క్యాన్సర్, నాలుగో దశ అని తేలింది. రిపోర్టులో అడినోకార్సినోమా అనే రకం అని రాశారు. జన్యు పరీక్షల ఫలితం వచ్చేదాకా ఆగమంటున్నారు. ఇదే జబ్బుకు మాకు పెదనాన్న వరసయ్యే ఆయన రోజుకో మాత్ర వేసుకుని రెండేళ్లుగా బాగున్నారు. మా వీధిలో ఇంకొకాయన అదే మాత్ర వాడినా రెండు నెలలు తిరక్కుండానే పోయారు. అమ్మకు ఆ మాత్ర మొదలుపెట్టొచ్చా? ఇది మా అక్కాచెల్లెళ్లకూ వస్తుందా? అమ్మ రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటుంది. - ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: ఆ మాత్ర ఇప్పుడే వేయకండి అమ్మా. పెదనాన్న గారి దగ్గర మిగిలిన స్ట్రిప్ ఉన్నా సరే, వద్దు. ఇంట్లో మనిషి దగ్గుతూ ఉంటే చేతులు కట్టుకుని రిపోర్టు కోసం చూడటం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా మీ డాక్టరు ఆగమన్నది సరైన మాటే.

మైక్రోస్కోపు కింద ముగ్గురి గడ్డా ఒకేలా కనిపించవచ్చు. కానీ దాన్ని పెంచుతున్న జన్యువు ముగ్గురిలోనూ ఒకటే కానక్కర్లేదు. మన కణాల పైపొర మీద ఈజీఎఫ్ఆర్ అనే ప్రొటీన్ ఉంటుంది. పెరగమని బయటి నుంచి కబురు అందినప్పుడే అది పనిచేయాలి. దాని జన్యువులో మార్పు వస్తే, బావి దగ్గర మోటారు స్టార్టరు ఆన్‌లోనే ఇరుక్కుపోయినట్టు, ఏ కబురూ లేకుండానే కణాన్ని రాత్రింబవళ్లు పెంచుతూ పోతుంది. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్, ఓసిమెర్టినిబ్ లాంటి మాత్రలు సరిగ్గా ఆ స్టార్టరునే ఆపుతాయి. మోటారు ఇంకో లైను మీద నడుస్తుంటే ఈ స్టార్టరు ఆపి లాభం లేదు.

ఇది ఊహ కాదు. తూర్పు ఆసియా దేశాల్లో 1,217 మంది మీద జరిగిన ఐపాస్ అధ్యయనం 2009లో వెలువడింది. వాళ్లంతా మీ అమ్మగారిలా అసలు పొగ తాగనివాళ్లు, లేదా కొద్దిగా తాగి మానేసినవాళ్లు. అందరిదీ అడినోకార్సినోమానే. ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్నవారిలో జెఫిటినిబ్ మాత్ర కీమో కన్నా ఎక్కువ కాలం జబ్బును అదుపులో పెట్టింది. మార్పు లేనివారిలో కథ తిరగబడింది. మాత్ర వేసుకున్నవారిలో సగం మందికి నెలన్నరకే జబ్బు ముదిరింది. కీమో తీసుకున్నవారికి అదే అయిదున్నర నెలలు పట్టింది. మీ వీధిలో ఆయన రిపోర్టు చూడకుండా నేనేమీ తేల్చలేను కానీ, పరీక్ష లేకుండా మాత్ర వేస్తే జరిగే నష్టం ఇలా ఉంటుంది.

ఈజీఎఫ్ఆర్‌లో మార్పు ఉంది అన్నంత మాత్రాన సరిపోదు, ఎక్కడ ఉందో కూడా చూడాలి. ఎక్సాన్ అంటే జన్యువులో ఒక భాగం. రిపోర్టులో ఎక్సాన్ 19 డిలీషన్ (అక్కడ ముక్క ఊడిపోవడం) అని గానీ, ఎల్858ఆర్ (ఒక్కచోట అక్షరం మారడం) అని గానీ ఉంటే మాత్రలు బాగా పనిచేస్తాయి. ఎక్సాన్ 20 ఇన్సర్షన్ (అక్కడ అదనపు ముక్క చేరడం) అని ఉంటే మామూలు మాత్రలు చాలామందికి పనిచేయవు. దానితో పాటు టీపీ53 అనే మరో జన్యువు కూడా చెడి ఉంటే మాత్ర ప్రభావం త్వరగా తగ్గిపోవచ్చు. ఈజీఎఫ్ఆర్ కాకుండా ఏఎల్‌కే, ఆర్ఓఎస్1 అనే వేరే జన్యువుల్లో మార్పులు దొరికితే వాటికి వేరే మాత్రలున్నాయి. ఐరోపా దేశాల అడినోకార్సినోమా రోగుల్లో ఈజీఎఫ్ఆర్ మార్పు నూటికి పది పదిహేను మందిలో కనిపిస్తే, మన దేశంలో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు మందిలో ఉంటుంది. పొగ తాగని ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ. అందుకే మీ అమ్మగారి విషయంలో నాకు ఆశ ఉంది.

ఈ లోపు రెండు పనులు చేయండి. ల్యాబ్‌కు వెళ్లి పారాఫిన్ బ్లాక్ ఎక్కడుందో కనుక్కోండి. చిన్న ప్లాస్టిక్ డబ్బీలో, తెల్లటి మైనంలో పొదిగిన బియ్యపు గింజంత గడ్డ ముక్క అది. ఇతర పరీక్షలకు కోసీ కోసీ అది అయిపోతే జన్యు పరీక్షకు ఏమీ మిగలదు, మళ్లీ సూది గుచ్చాల్సి వస్తుంది. ముక్క చాలకపోతే రక్తంతో చేసే లిక్విడ్ బయాప్సీ అడగండి. అందులో మార్పు కనిపిస్తే నమ్మవచ్చు. కనిపించకపోతే మాత్రం లేదని అర్థం కాదు.

రెండోది, ఆయాసం పెరిగి రిపోర్టు దాకా ఆగలేని స్థితి వస్తే కీమో మొదలుపెట్టవచ్చు. ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి నడిపే ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్ మాత్రం తొందరపడి కలపవద్దని డాక్టరును అడగండి. ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్నవారికి దానివల్ల మేలు తక్కువ. పైగా ఆ ఇంజెక్షన్ తర్వాత కొద్ది రోజులకే ఓసిమెర్టినిబ్ మొదలుపెడితే ఊపిరితిత్తులు తీవ్రంగా వాచే ప్రమాదం పెరుగుతుంది. ఈ సంగతి కుటుంబాలకు ముందే ఎవరూ చెప్పకపోవడం నన్ను బాధపెడుతుంది. తలనొప్పితో వాంతులు, కాళ్లలో పట్టు తప్పడం లాంటివి కనిపిస్తే మాత్రం అదే రోజు తీసుకెళ్లండి.

ఇక మీ అక్కాచెల్లెళ్ల భయం. ఈ జన్యు మార్పులు పుట్టుకతో వచ్చినవి కావు. అమ్మగారి ఊపిరితిత్తిలో, ఆ గడ్డ కణాల్లో మాత్రమే పుట్టాయి. తల్లి నుంచి బిడ్డలకు రావు. వంశంలో నడిచే రకం చాలా అరుదు. దానికి తగ్గ సూచన రిపోర్టులో ఉంటే డాక్టరే చెబుతారు. ఊరికే మీరందరూ రక్తపరీక్షలకు డబ్బు పెట్టకండి.

పెదనాన్న గారికి కూడా ఒక మాట చెప్పండి. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ వాడుతూ జబ్బు మళ్లీ పెరిగినవారిలో సుమారు సగం మందికి టీ790ఎం అనే కొత్త మార్పు వస్తుంది. ఓసిమెర్టినిబ్ దాని మీద కూడా పనిచేస్తుంది. కాబట్టి ఆయనకు స్కాన్‌లో గడ్డ పెరిగినట్టు కనిపిస్తే, పాత రిపోర్టుతో సరిపెట్టకుండా మళ్లీ పరీక్ష చేయించాలి.

గ్యాస్ మాత్ర విషయం మీరు అడగడం మంచిదైంది. పాంటాప్రజోల్ లాంటివి వాడుతుంటే జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ ఒంటికి సరిగా పట్టవు. ఓసిమెర్టినిబ్‌కు ఆ ఇబ్బంది లేదు. ఏ మాత్ర రాసినా ముందు ఈ సంగతి డాక్టరుకు చెప్పండి. మాత్ర మొదలయ్యాక ముఖం మీద మొటిమల్లాంటి పొక్కులు, గోరుచుట్టు, విరేచనాలు రావచ్చు. వాటికి మందులున్నాయి, సొంతంగా మాత్ర ఆపకండి. కొత్తగా పొడిదగ్గు, ఆయాసం వస్తే మాత్రం ఆ రోజు మాత్ర వేయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.