టెక్ సందేహాలు: పీడీఎఫ్‌లో పాఠం ఉంది, వెతికితే దొరకదు!

ప్రశ్న: దూరవిద్యలో బీఏ చదివేవాళ్ల కోసం పాఠాలన్నీ గూగుల్ డ్రైవ్‌లో పెట్టాం. సుమారు 140 పీడీఎఫ్‌లు. సగం పాత నోట్సు స్కాన్లు, మిగతావి డీటీపీ చేయించినవి. పిల్లలు ‘ద్రవ్యోల్బణం’ అని కొడితే ఒక్కటీ రావడం లేదు. మొత్తం మళ్లీ టైపు చేయించాలా?
– ఒక అధ్యాపకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అక్కర్లేదండీ. ముందు చిన్న పరీక్ష చేయండి. పీడీఎఫ్ తెరిచి, ‘ఆర్థిక శాస్త్రం’లా ఒత్తులున్న వాక్యం ఒకటి కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అసలు సెలెక్టే కాకపోతే అది ఫొటో, లోపల అక్షరాలు లేవు. తెలుగుకు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా పడితే అది అను ఫాంట్ల ఫైలు. తెలుగే వచ్చి ఒత్తులు మాత్రం చెదిరితే పీడీఎఫ్‌గా మార్చినప్పుడు తేడా వచ్చింది. అలాంటప్పుడు వర్డ్ ఫైలు మీ దగ్గరుంటే ‘ప్రింట్ టు పీడీఎఫ్’ వాడకుండా ‘సేవ్ యాజ్’లో పీడీఎఫ్ ఎంచుకుని మళ్లీ చేసి చూడండి. అప్పటికీ చెదిరితే పీడీఎఫ్ పక్కన ఆ వర్డ్ ఫైలూ పెట్టేయండి.

ఎక్కువ తంటా అను ఫాంట్లతోనే. గవర్నరుపేటలోనో అరండల్‌పేటలోనో పేజ్‌మేకర్‌లో కొట్టించిన పాత మెటీరియల్‌లో చాలావరకు ఇవే ఉంటాయి. ఈ ఫాంట్లలో తెలుగు అక్షరం బొమ్మను ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో కూర్చోబెట్టారు. తెర మీద ‘ద్ర’ కనిపిస్తుంది, ఫైలు లోపల ఉండేది వేరే కోడ్. పిల్లలు ఫోన్లో కొట్టేది యూనికోడ్, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతి. వెతుకులాట కోడ్‌ను చూస్తుంది గానీ బొమ్మను చూడదు, అందుకే ఆ రెండూ ఎప్పటికీ కలవవు. ఫాంటును గౌతమి అనే యూనికోడ్ ఫాంటుకు మార్చినా లాభం లేదు, ఉన్న చెత్త ఇంకాస్త స్పష్టంగా కనబడుతుందంతే!

డీటీపీ చేసినవాళ్ల దగ్గర పేజ్‌మేకర్ ఫైలు ఉందేమో అడగండి. ఉంటే అందులోని మ్యాటర్‌ను అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో వేయండి. పాఠం మధ్యలో ఇంగ్లిష్ మాటలుంటే వాటినీ కన్వర్టర్ అను అక్షరాలే అనుకుని తెలుగులోకి మార్చేస్తుంది. అంకెలు, కొటేషన్ గుర్తులు కూడా ఒకసారి చూసుకోవాలి.

ఆ ఫైలు లేకపోయినా, అసలు స్కాన్ ఫొటోలే అయినా ఓసీఆరే దారి, అంటే బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే పద్ధతి. విండోస్‌లో ఉచితంగా దొరికే ‘నాప్స్2’ (NAPS2) అనే స్కానింగ్ సాఫ్ట్‌వేర్ చాలు. ఓసీఆర్ బటన్ నొక్కి తెలుగు, ఇంగ్లిష్ భాషలు దించుకోండి. ‘పీడీఎఫ్‌ను సెర్చబుల్ చేయి’ అన్నచోట టిక్ పెట్టి, స్కాన్ ఫైలును ఇంపోర్ట్ చేసి, మళ్లీ పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. పేజీ చూడ్డానికి అలాగే ఉంటుంది, దాని వెనక కనిపించని అక్షరాల పొర చేరుతుంది. అను ఫైళ్లకు మాత్రం ఒక మెలిక ఉంది. పేజీలో అక్షరాలు ముందే ఉన్నాయనుకుని ఓసీఆర్ దాన్ని వదిలేస్తుంది. అందుకని ముందు పేజీలను జేపెగ్ బొమ్మలుగా సేవ్ చేసి, వాటిని తిరిగి ఇంపోర్ట్ చేయండి.

కొత్తగా స్కాన్ చేసేవి 300 డీపీఐలో, గ్రే మోడ్‌లో చేయండి. ఫోన్ స్కానర్ యాప్‌లలోని నలుపు-తెలుపు ఫిల్టర్ వద్దు. అది పేజీని తళతళలాడిస్తుంది కానీ సన్నటి ఒత్తుల్నీ ‘ధ’ కింది గీతనూ మింగేస్తుంది. ఆ గీత పోతే ‘ధనం’ కాస్తా ‘దనం’ అవుతుంది, వెతికితే దొరకదు. చేతిరాత నోట్సు, గణిత సూత్రాలు నాప్స్2కి లొంగవు. వాటిమీద టైము పెట్టకండి.

ఓసీఆర్ ఎంత బాగా వచ్చినా, నన్నడిగితే ఒక గూగుల్ షీట్ అంతకన్నా పనికొస్తుంది. సబ్జెక్టు, యూనిట్, పాఠం పేరు, కీలక పదాలు, లింకు అని ఐదు కాలమ్‌లు పెట్టండి. కీలక పదాల్లో ‘ద్రవ్యోల్బణం’తో పాటు ‘ఇన్‌ఫ్లేషన్’ను ఇంగ్లిష్ స్పెల్లింగులో కూడా రాయండి, ఎందుకంటే సగంమంది కొట్టేది అదే. ‘సాఫ్ట్‌వేర్’, ‘సాఫ్ట్వేర్’ లాంటివి రెండు రకాలుగానూ ఇవ్వండి. మొదటిదాంట్లో ‘ట్’కూ ‘వే’కూ మధ్య కంటికి కనబడని ఒక యూనికోడ్ అక్షరం ఉంటుంది. కంట్రోల్+ఎఫ్ కొట్టినప్పుడు చాలా రీడర్లకు ఆ రెండూ వేర్వేరు మాటలే.

ప్రశ్న: యూట్యూబ్‌లో పెట్టిన గంటన్నర క్లాసుల్లో కావాల్సిన అంశం వెతుక్కోవడానికి ఏదైనా మార్గం ఉందా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఉంది. వీడియో డిస్క్రిప్షన్‌లో టైము, పక్కనే అంశం పేరు, ఒక్కో లైనుకు ఒకటి చొప్పున రాయండి. యూట్యూబ్ వాటిని బట్టి వీడియోను చాప్టర్లుగా, అంటే భాగాలుగా చూపిస్తుంది. మొదటిది 0:00తోనే మొదలవ్వాలి. కనీసం మూడు ఉండాలి, వరుస క్రమంలో ఉండాలి, ఒక్కో భాగం 10 సెకన్లకు తగ్గకూడదు. ఇందులో ఏది తప్పినా చాప్టర్లు రావు. ఎక్కువమంది 0:00 లైను మర్చిపోయి, మిగతావన్నీ సరిగ్గా రాసి, ఎందుకు రాలేదా అని తల పట్టుకుంటారు.

మన క్లాసుల్లో తెలుగూ ఇంగ్లిషూ కలిపి మాట్లాడతాం కాబట్టి ఆటోమేటిక్ క్యాప్షన్లను నమ్ముకోవద్దు. సాంకేతిక పదాల దగ్గరే అవి బోల్తా పడతాయి, పిల్లలు వెతికేదీ ఆ పదాలనే. స్లైడ్లు ఉంటే ఒక్కో స్లైడు మూలన వీడియో టైము వేసి, ఆ పీడీఎఫ్‌ను డిస్క్రిప్షన్‌లో లింకుగా ఇవ్వండి.