పాలు, గుడ్లు తగ్గించే ముందు ఈ లెక్క చూడండి

ప్రశ్న: మా ఇంట్లో నలుగురం. ఒక్కరి జీతమే ఆధారం. జీతం వంద భాగాలనుకుంటే అందులో నలభై తిండికే పోతోంది. అద్దె, అప్పు వాయిదాలు కట్టేసరికి నెల చివర చేబదులు తప్పడం లేదు. పాలు, గుడ్లు, పండ్లు తగ్గించి ఆ డబ్బు అప్పుకు జమ చేద్దామని మావారు అంటున్నారు. పిల్లలు ఎదిగే వయసులో ఉన్నారు, నాకు మనసొప్పడం లేదు. వేరే దారి ఉందా? – ఒక పాఠకురాలు

జవాబు: ఉంది. దానికన్నా ముందు ఒక సంగతి చెప్పాలి. నలభై అనే అంకె చూసి మీరు దుబారా చేస్తున్నారని బాధపడకండి. ఆదాయం తక్కువైన కొద్దీ ఖర్చులో తిండి వాటా పెరుగుతుందని జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లోనే తేల్చి చెప్పాడు. ఆదాయం పెరిగితే ఆ వాటా దానంతట అదే తగ్గుతుంది. అందుకని నలభైని ముప్పైకి దించడం మన లక్ష్యం కానక్కర్లేదు. ఆ నలభైలో ఎంత నిజంగా మీ నలుగురి ఒంటికి పడుతోంది అన్నదే నేను చూస్తాను.

మీవారి ఆందోళన సరైనదే, అప్పు త్వరగా తీరాలి. కానీ కోత పెట్టే వరుసలో పాలు, గుడ్లు అన్నిటికన్నా చివర ఉండాలి. మొదట ఉండాల్సినవి రెండు: చెత్తబుట్టలో పడేది, వంట కుదరక బయట కొన్నది. ఈ నెల ఏమీ తగ్గించకుండా ఒక నోటుపుస్తకంలో మూడు గళ్లు గీసి రాయండి. ఒకటి వంట సరుకులు, రెండోది వండినవి కొన్న ఖర్చు, మూడోది పారేసినవాటి విలువ. వాడిపోయిన కొత్తిమీర కట్ట, పులిసిపోయిన అన్నం, డబ్బాలో మెత్తబడిన బిస్కెట్లు, ఏదైనా సరే పారేసిన రోజే దాని ధర రాయాలి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా ఇళ్లలో వృథా అయిన ఆహారం తలకు సగటున 79 కిలోలు. తొక్కలు, ఎముకలు కూడా అందులో కలిశాయి కాబట్టి అంతా తినదగినదని కాదు. అయినా చాలా ఇళ్లలో ఆ మూడో గడి నిండే తీరు చూస్తే ఇంటివాళ్లే ఆశ్చర్యపోతారు.

ఇప్పుడు పాలు, గుడ్ల సంగతి. ధరను కిలోకింత, డజనుకింత అని చూడటం మనకు అలవాటు. పోషణ లెక్కకు అది సరిపోదు. మాంసకృత్తులు గ్రాముకు ఎంత పడుతున్నాయో చూడండి. కిలో ఎండు పప్పుల్లో ఇవి సుమారు 240 గ్రాములుంటాయి. వేరుశనగ గింజలైతే కిలోకు 250, డజను గుడ్లకు 72, లీటరు పాలకు 32 దగ్గరదగ్గరగా ఉంటాయి. మీరు కొనే ధరను ఈ అంకెతో భాగిస్తే గ్రాము ఖరీదు వస్తుంది. పిల్లల బలం కోసమని పాలలో కలిపే పొడి డబ్బా ఇంట్లో ఉంటే దాని మీద అచ్చువేసిన అంకెతో అదే లెక్క చేయండి. బిస్కెట్లకూ చేయండి. ఏది ఖరీదైన ఆహారమో, ఏది చవకో కాగితం మీద మీకే కనబడుతుంది. ఆ కాగితం మీవారికి కూడా చూపించండి.

పెద్దవాళ్లకు శరీర బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. ఎదిగే పిల్లలకు బరువును బట్టి చూస్తే ఇంకాస్త ఎక్కువ కావాలి. ఈ భారంలో ఎక్కువ భాగం పప్పులు, గింజల మీద వేయండి. పప్పును ఒంటరిగా కాక బియ్యంతోనో గోధుమతోనో కలిపి తింటే ఒకదానిలో తక్కువైన అమైనో ఆమ్లాలను, అంటే మాంసకృత్తులు తయారయ్యే చిన్న భాగాలను, మరొకటి పూరిస్తుంది. మరి పాలు, గుడ్లు ఎందుకు ఉంచమంటున్నానంటే, బి12 విటమిన్ మొక్కల నుంచి వచ్చే ఆహారంలో సహజంగా దొరకదు. పాలలోని కాల్షియం కూడా పిల్లల ఎముకలకు కావాలి. కాబట్టి పిల్లల వంతు పాలు, గుడ్లు ముట్టుకోకండి. పెద్దవాళ్ల టీ, కాఫీలకు పోయే పాలు తగ్గించుకోవచ్చు. టీ తాగేది కూడా భోజనానికి ఓ గంట ఎడంగా తాగండి, లేకపోతే పప్పులు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. భోజనంలో నిమ్మరసమో టమాటానో ఉంటే అదే ఇనుము బాగా పడుతుంది. దీనికి పైసా అదనపు ఖర్చు లేదు.

పండ్ల విషయంలో అంత ఆలోచించాల్సింది లేదు. ఆ కాలంలో విరివిగా వచ్చేవి కొనండి, రసాల డబ్బాలు మానేయండి.

బయటి తిండి గడి గురించి మాత్రం తీరిగ్గా మాట్లాడుకోవాలి. అలసి ఇంటికి వచ్చి, పొయ్యి మీద ఏమీ లేని సాయంత్రమే మనం వండినవి కొంటాం. అలాంటి సాయంత్రాలు వారంలో ఏవో మీకు ముందే తెలుసు. ఆ రోజులకు కావాల్సింది కొత్త వంటకాల జాబితా కాదు, ఉడికి సిద్ధంగా ఉన్న గింజలు. ఉదాహరణకు అర కిలో శనగలు రాత్రి నానబెట్టండి. మర్నాడు నీళ్లు మార్చి ప్రెషర్ కుక్కర్‌లో ఉడికిస్తే బరువు రెట్టింపు దాటుతుంది. కుక్కర్‌లో నీళ్లు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి కాబట్టి మామూలు గిన్నెలో కన్నా చాలా త్వరగా ఉడుకుతాయి, ఇంధనం మిగులుతుంది. ఆ గింజలు నలుగురికి మూడు పూటలు వస్తాయి, మనిషికి పూటకు పది గ్రాముల దాకా మాంసకృత్తులు అందుతాయి. ఒక పూట ఉల్లిపాయ, టమాటాతో కూర. ఇంకో పూట ఉడికించిన బంగాళదుంప, ఆకుకూరలతో కలిపి. మూడో పూట గుప్పెడు గింజలు మెదిపి, నీళ్లు పోసి చిక్కటి సూప్. ఉడకబెట్టే పని ఒక్కసారే, తర్వాతి రెండు పూటలు పావుగంటలో తెమిలిపోతాయి.

ఇలా దాచుకునేటప్పుడు జాగ్రత్తలు తప్పనిసరి. వండిన రెండు గంటల్లోపు లోతు తక్కువ గిన్నెల్లోకి సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు నాలుగు రోజుల్లో వాడేయండి, తినే ముందు పొగలు కక్కేలా వేడి చేయండి. అన్నాన్ని బయట వదిలేయవద్దు. బియ్యంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు వండినా చావవు, గది వేడిలో పెరిగి విషం తయారు చేస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. ఎర్ర రాజ్మా అయితే కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు తెర్లేలా ఉడికించాలి. సగం ఉడికిన రాజ్మా వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. ఫ్రిజ్ లేకపోతే ఏ పూటకు ఆ పూటే ఉడికించుకోండి. గింజలు ముందు రాత్రి నానబెట్టుకుంటే సగం శ్రమ తగ్గుతుంది.

కూరగాయలు కొనేటప్పుడు అవి నిలిచే వరుస గుర్తుంచుకోండి. ఆకుకూరలు రెండు మూడు రోజులు, క్యాబేజీ, క్యారెట్ వారాలు, ఉల్లి, బంగాళదుంప ఇంకా ఎక్కువ కాలం ఆగుతాయి. వారం మొదట ఆకుకూరలు, చివర క్యాబేజీ వండితే మూడో గడి దాదాపు ఖాళీ అవుతుంది. పెద్ద సంచి చవకని అన్నీ ఒకేసారి కొనకండి. పప్పులు, తెల్లబియ్యం నెలల తరబడి నిలుస్తాయి. పొట్టు తీయని బియ్యం, ముడి గోధుమపిండి వాటిలోని నూనె వల్ల త్వరగా కంపు కొడతాయి, వాటిని నెలకు సరిపడా మాత్రమే తీసుకోండి. చవకగా వస్తోందని అప్పు మీద సరుకు కొనడం అసలే వద్దు.

ఇక నెలాఖరు చేబదులు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. తిండి డబ్బును నాలుగు వారాలకు నాలుగు భాగాలు చేసే ఇళ్లలో ఈ ఇబ్బంది తరచూ వస్తుంది. నెలంటే నాలుగు వారాల పైన ఇంకో రెండు మూడు రోజులు. వాటికి ఎవరూ డబ్బు కేటాయించరు. నెల మొదట పప్పు, బియ్యం, నూనె కొనేశాక మిగిలిన దాన్ని 31తో భాగించండి, దాన్ని 7తో హెచ్చించండి. వారానికి అంతే విడిగా ఒక కవరులో పెట్టుకోండి. ఒక వారం మిగిలితే తర్వాతి వారం కవరులో కలపండి, తగ్గితే తర్వాతి కవరు మాత్రం తెరవకండి. వారంలో డబ్బు చాలని ఆ కొద్ది రోజులు ఇంట్లో ఉన్న గింజలతో గడిచిపోతాయి.

ఇలా మిగిలినది వెంటనే అప్పుకు కట్టకండి. ముందు ఒక వారం తిండి ఖర్చుకు సరిపడా నిల్వ చేయండి, చేబదులు అవసరం దానితో ఆగుతుంది. ఆ తర్వాత మిగిలేది ఎక్కువ వడ్డీ ఉన్న అప్పుకు వెళ్లాలి. వాయిదా పెద్దదా చిన్నదా అన్నది చూడవద్దు, వడ్డీ రేటే చూడండి. ముందుగా తీర్చితే అపరాధ రుసుము ఉందేమో అప్పు పత్రంలో చూసుకోండి. ఒక్కో అప్పుకు వడ్డీ రేటు, మిగిలిన అసలు, ఇంకా కట్టాల్సిన వాయిదాల సంఖ్య రాసి పంపితే దేన్ని ముందు తీర్చాలో లెక్క వేసి చెబుతాను. ఈ నెల మూడు గళ్ల మొత్తాలు కూడా దానితో పాటు పంపండి.