ఎన్నారై సందేహాలు: హాంబుర్గ్‌లో ఆపిల్ కేకు, ఆదివారం ఒంటరితనం

సందేహం: అక్టోబరులోనే హాంబుర్గ్ వచ్చాను. వచ్చే వారం నా పుట్టినరోజు. ఆఫీసుకి కేకు నేనే తేవాలట! ఇక్కడి ఆపిల్స్‌తో ఇంట్లో చేద్దామంటే ఓవెన్ వాడటం తెలియదు. కొని పట్టుకెళ్తే సరిపోదా?

జవాబు: తమ్ముడూ, కొన్న కేకు పట్టుకెళ్తే ఎవరూ ఏమీ అనరు. ముక్క తీసుకుని, శుభాకాంక్షలు చెప్పి, ఎవరి సీట్లోకి వాళ్ళు వెళ్ళిపోతారు. ఇంట్లో చేసింది పెడితే మాత్రం పక్కనే నిలబడి "ఏ ఆపిల్ వేశావు?" అని అడుగుతారు. నీకు కావలసింది ఆ ప్రశ్నే. డిసెంబరుకల్లా ఇక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది, ఆదివారం షాపులన్నీ మూత. మన పిల్లలు చాలామంది ఆ రోజంతా దుప్పటి కప్పుకుని, ఇంటికి వీడియో కాల్ చేసి, మళ్ళీ పడుకుంటారు. ఉద్యోగం, జీతం అన్నీ బాగానే ఉండి కూడా మొదటి చలికాలానికే బెంగపడేది అందుకే. కాబట్టి కేకు నేర్చుకో.

ముందు ఆపిల్ సంగతి. ఎర్రగా మెరిసే తియ్యటి రకం కొనకు. ఓవెన్లో ఆ తీపి చప్పబడిపోతుంది, పులుపు లేని ఆపిల్ కేకుకి రుచే ఉండదు. నీకు ఎల్బె నది అవతలే ఆల్టెస్ లాండ్ ఉంది, మైళ్ళకొద్దీ ఆపిల్ తోటలు. అక్కడి రైతులే వారపు సంతకి తెస్తారు. బోస్కోప్ అని అడుగు. తొక్క గరుకుగా, మట్టిరంగులో ఉంటుంది, చూడటానికి బాగోదు, బాగా పులుపు. కేకుకి అదే రాజు. దొరక్కపోతే ఎల్స్టార్ తీసుకో. రోడ్డు పక్క చెట్లకి కాసినవి ఊరికే కోసుకోకూడదు, వాటికీ యజమానులుంటారు. కొన్ని ఊళ్ళలో ఎవరైనా కోసుకోవచ్చని చెట్టుకి పసుపు రిబ్బను కడతారు. మీ దగ్గర ఆ పద్ధతి ఉందో లేదో కనుక్కో.

26 సెంటీమీటర్ల స్ప్రింగ్‌ఫార్మ్ గిన్నెకి (చుట్టూ రింగు విప్పే కేకు గిన్నె) కొలతలివి: వెన్న 125 గ్రాములు, పంచదార 125, ఎం సైజు గుడ్లు 3, 405 నంబరు గోధుమపిండి (మన మైదా లాంటిది) 200, బాక్‌పుల్వర్ (బేకింగ్ పౌడర్) 2 టీస్పూన్లు తలకొట్టి, వనిలా పంచదార ఒక పొట్లం (8 గ్రాములు), పాలు 2 పెద్ద చెంచాలు, అర నిమ్మకాయ తొక్క తురుము, చిటికెడు ఉప్పు. బోస్కోప్ 4 కాయలు, అంటే ముప్పావు కిలో. తూకం మిషన్ లేకుండా మొదలుపెట్టకు. కూరల్లో చెల్లే కంటి అంచనా ఇక్కడ చెల్లదు. చపాతీ ఆటా అసలు వద్దు, కేకు బరువుగా, ముతకగా వస్తుంది.

మనవాళ్ళు ఎక్కువగా పాడుచేసేది బాక్‌పుల్వర్ దగ్గర. పొట్లం చిన్నదే కదా అని మొత్తం వేసేస్తారు. ఆ పొట్లం 500 గ్రాముల పిండికి సరిపడేది. 200 గ్రాములకి అంతా వేస్తే కేకు గబగబా పొంగి, నిలబడలేక మధ్యలో కుంగుతుంది. నోట్లో సబ్బు రుచి కూడా తగులుతుంది.

రెండో తప్పు వెన్న. ఫ్రిజ్‌లోంచి తీసింది గట్టిగా ఉందని మైక్రోవేవ్‌లో కరిగించేస్తారు. కరిగిన వెన్నలో గాలి నిలవదు, కేకు దిమ్మలా వస్తుంది. వెన్న, గుడ్లు గంట ముందే బయట పెట్టు. వేలితో నొక్కితే వెన్నలో గుంట పడాలి, జారిపోకూడదు. పంచదార, వనిలా పొట్లం, ఉప్పు వేసి మిక్సర్‌తో ఐదు నిమిషాలు గిలకొట్టు, రంగు తెల్లబడాలి. రాత్రి పది దాటాక మిక్సర్ ముట్టుకోకు, అది నిశ్శబ్దపు వేళ. గుడ్లు ఒక్కొక్కటిగా వేసి, ఒక్కోసారి అర నిమిషం తిప్పు. విరిగినట్టు కనిపిస్తే గుడ్డు చల్లగా ఉందన్నమాట. ఒక చెంచా పిండి వేస్తే సర్దుకుంటుంది. పిండి, బాక్‌పుల్వర్ కలిపి జల్లించి, పాలు, నిమ్మ తురుముతో సహా వేసి, పొడి కనపడకుండా పోయేదాకా మాత్రమే కలుపు. అక్కడ ఆపకపోతే కేకు రబ్బరులా సాగుతుంది. గరిట ఎత్తితే పిండి బరువుగా, ముద్దలా జారాలి.

యాలకుల పొడి అర టీస్పూను కలుపు. క్రిస్మస్ బిస్కెట్లలో జర్మన్లూ వేసుకుంటారు కాబట్టి వాసనకి ఎవరూ వెనక్కి తగ్గరు.

ఆపిల్స్ తొక్క తీసి నాలుగు చెక్కలు చేసి గింజల భాగం తీసెయ్. గుండ్రటి వైపు గుత్తివంకాయకి పెట్టినట్టు దగ్గర దగ్గరగా గాట్లు పెట్టు, అడుగుదాకా తెగకూడదు. నల్లబడకుండా నిమ్మరసం రాసి, తడి తుడిచెయ్. వెన్న రాసిన గిన్నె అడుగున ఒక చెంచా బొంబాయి రవ్వ చల్లు, కారే రసాన్ని అది పీల్చుకుంటుంది. పిండి పరిచి, చెక్కలు గాట్ల వైపు పైకి పెట్టి తేలిగ్గా నొక్కు. పిండే పొంగి వాటి చుట్టూ ఎక్కుతుంది. సన్నముక్కలు చేసి పిండిలో కలిపేస్తే అడుగుకి దిగి పచ్చిగా, జిగటగా ఉండిపోతాయి.

ఓవెన్ గుర్తుల్లో పైన కింద రెండు గీతలుంటే 180 డిగ్రీలు, ఫ్యాన్ బొమ్మ అయితే 160. ముందే వేడెక్కనిచ్చి, మధ్య అరలో 45 నిమిషాలు. మొదటి అరగంట తలుపు తియ్యకు. తర్వాత రెండు ఆపిల్ చెక్కల మధ్య పుల్ల గుచ్చి చూడు, తడి పిండి అంటకూడదు. అద్దె ఇళ్ళలో పాత ఓవెన్లు చెప్పిన వేడి ఇవ్వవు. లోపల పెట్టే థర్మామీటరు ఒకటి కొనుక్కో. దించాక పదిహేను నిమిషాలాగి రింగు విప్పు. పంచదార పొడి వడ్డించే ముందే చల్లాలి, లేకపోతే ఆపిల్ తడికి కరిగిపోతుంది.

గుడ్డు తినని వాళ్ళుంటే క్వార్క్‌తో (గట్టి పెరుగులా ఉండే మెత్తటి జున్ను) పిండి కలుపు: క్వార్క్ 150 గ్రాములు, పాలు, నూనె ఆరేసి పెద్ద చెంచాలు, పంచదార 75, పిండి 300, దీనికి మాత్రం బాక్‌పుల్వర్ పొట్లం మొత్తం. ఎక్కువసేపు పిసికితే అంటుకుపోతుంది. ట్రేలో పలచగా పరిచి, సన్నటి ఆపిల్ ముక్కలు పేర్చి, 200 డిగ్రీల్లో పాతిక నిమిషాలు. మర్నాటికి ఎండిపోతుంది, ఆ రోజే పెట్టెయ్.

ఆఫీసుకి పుట్టినరోజు నాడో, ఆ తర్వాతో తీసుకెళ్ళు. ముందు రోజు తీసుకెళ్ళకు, ముందస్తు శుభాకాంక్షలు ఇక్కడ అపశకునంగా చూస్తారు. ఎవరైనా బాగుందంటే ఊరుకోకు, ఆదివారం మూడున్నరకి కాఫీకి రమ్మను. వాళ్ళు మనలా చెప్పకుండా రారు. వారం పది రోజుల ముందే రోజు, టైము చెప్పాలి. వస్తామంటే అన్న టైముకే వస్తారు, కాబట్టి మూడింటికే టేబుల్ సర్ది ఉంచు. పై ఇంటి పెద్దావిడకి కూడా ఒక ముక్క ఇవ్వు. సరుకులు శనివారమే తెచ్చుకో. మిగిలిన ముక్కలు విడివిడిగా చుట్టి ఫ్రీజర్లో పెడితే ఆ తర్వాతి ఆదివారానికి పనికొస్తాయి.