తిన్నింటి వాసాలు

సందేహం: "తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం" అనే మాటలో వాసం అంటే నివాసమనీ, అన్నం పెట్టినవాడి ఇళ్లూ వాకిళ్లూ లెక్కగట్టడమే దాని అర్థమనీ ఒక సభలో విన్నాను. మా అమ్మమ్మ మాత్రం వాసాలంటే ఇంటికప్పు కర్రలనేది. ఏది సరి? అలాగే "జీవితాన్ని చిత్రిక పట్టిన నవల" అని రాస్తున్నారు. చిత్రిక పట్టడం, చిత్రించడం ఒకటేనా?

సమాధానం: మీ అమ్మమ్మగారి మాటే సరి. వనవాసం, కారాగారవాసం అనేటప్పటి వాసం ఉండటమనే అర్థంలోది. ఇంటికప్పు వాసానికీ దానికీ చుట్టరికం లేదు.

పెంకుటిల్లుగానీ తాటాకిల్లుగానీ లోపల నిలబడి తలెత్తి చూడండి. అడ్డంగా పడుకున్న లావుపాటి మానులు దూలాలు. నడికొప్పు నుంచి చూరు దాకా ఏటవాలుగా, వరసగా దిగే సన్నపాటి కర్రలు వాసాలు. వాటిమీద అడ్డబద్దలు, ఆపైన పెంకో ఆకో. దూలాలు గదికి ఒకటో రెండో ఉంటాయి, వాటిని లెక్కపెట్టడానికేముంది? లెక్కపెట్టాలంటే వాసాలే ఉండాలి. కడుపునిండా తిని, ఆ ఇంట్లోనే నడుం వాల్చినవాడి కంటికి ఎదురుగా కనబడేవీ అవే. కన్నం వెయ్యడానికి చూసుకుంటున్నాడని కొందరు, ఇంటి విలువ కడుతున్నాడని కొందరు చెబుతారు. ఏదైనా అతని చూపు ఉన్నది కప్పుమీదే. సభలో అర్థం చెప్పేముందు ఒక్కసారి పైకి చూసి ఉంటే బాగుండేది.

ఇక వాసం అనే మాట పుట్టుక. నాకు ఎంతో ఇష్టమైన మాట కాబట్టి కాస్త విస్తరించి చెబుతాను. సంస్కృతంలో వంశం అంటే మొదట వెదురు. కణుపు మీద కణుపుగా పెరుగుతుంది గనక తరం మీద తరంగా సాగే కులానికీ ఆ పేరే నిలిచింది. "మంచి వంశంలో పుట్టినది" అని వింటిని పొగుడుతూ కవులు శ్లేష చేసేది అందుకే. ఇంటికప్పుకు వాడే వెదురుకూ ఆ పేరు చాలా పాతది. అథర్వవేదం మూడో కాండలో ఇల్లు కట్టే సందర్భపు సూక్తం ఒకటుంది. అందులో "ఋతేన స్థూణామధి రోహ వంశ" అంటారు. ఓ వంశమా, తీరుగా స్తంభం మీదికి ఎక్కు అని. కప్పుకు ఎత్తుతున్న కర్రతో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడటం! చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. యజ్ఞశాలకు ప్రాగ్వంశం అనే పేరు కూడా దాని వెన్నుకర్ర తూర్పుముఖంగా ఉండటం వల్ల వచ్చిందే.

ఈ వంశమే ప్రాకృతంలో వంస అయింది. హిందీలో బాఁస్ అయి వెదురుగానే నిలిచింది. మరాఠీలో వాసా అయి మన వాసంలాగే కప్పుకర్ర అయింది. తెలుగులో తాటిమాను చీల్చి చేసినా అది వాసమే, వెదురే కానక్కర్లేదు.

ఒక చిక్కు మాత్రం దాచకుండా చెప్పాలి. హంస తెలుగులో అంచ అయింది, కాంస్యం కంచు అయింది. ఆ వరసలో వంశం వంచ కావాలి, వాసం కాకూడదు. బడిలో చెప్పే వికృతి వంగడం. వరి వంగడం అంటున్నామే, అదే. కాబట్టి వాసం సంస్కృతం నుంచి మనం నేరుగా దించుకున్నది కాకపోవచ్చు. పడమటి ఇరుగుపొరుగు పనివాళ్ల నోటి నుంచి వచ్చి ఉండవచ్చని నా అనుమానం. తీర్పు అనను, నా మొగ్గు అటువైపు.

వడ్రంగి సంగతి ఇంత చిక్కు కాదు. అది సంస్కృత వర్ధకికి తెలుగు రూపం, హిందీ బఢయీ కూడా ఆ ఇంటిదే.

చిత్రిక విషయంలో నాకు కాస్త కోపం ఉంది. చిత్రిక వడ్రంగి పనిముట్టు. తోపడ అన్నా అదే. రంపపు గరుకు మిగిలిన పలకమీద దాన్ని తోస్తే పలుచని పొరలు చుట్టలు చుట్టుకుంటూ లేస్తాయి, కింద చెక్క నున్నగా బయటపడుతుంది. అంటే చిత్రిక పట్టడం ఉన్నదాన్ని తీసెయ్యడం. చిత్రించడం లేనిదాన్ని గీయడం. అక్షరాలు కలిశాయని ఈ రెంటినీ ఒకే గాట కట్టడం ఏం న్యాయం? "వాక్యాన్ని చిత్రిక పట్టాడు" అంటే ఒప్పుకుంటాను, అనవసరమైనవి తీసి నునుపు చేశాడని అర్థం. "రైతు జీవితాన్ని చిత్రిక పట్టిన కథ" అంటే ఆ జీవితంలోని గరుకంతా చెక్కేశారని అర్థం వస్తుంది. రాసినవారు మెచ్చుకోబోయి తిట్టారన్నమాట. పుస్తక సమీక్షల్లో ఇది ఎంతగా పాకిందంటే రేపు నిఘంటువుల్లోకి ఎక్కినా ఎక్కవచ్చు, వాడుకను అడ్డుకోవడం ఎవరి తరమూ కాదు. అందుకని తప్పు అని గట్టిగా కొట్టెయ్యను. మీరు రాసేటప్పుడు మాత్రం చిత్రించడం అనే రాయండి.