కంటిపాప చిన్నదైతే అన్నీ పురుగుమందు కేసులేనా?

కావలి మేడమ్ గారూ, కంటిపాప సూదిమొనంత కనబడగానే మీ సెకండియర్ నర్సింగ్ పిల్లలు అట్రోపిన్ (పురుగుమందు విషానికి ఇచ్చే విరుగుడు) అనేస్తున్నారని, ఓపియాయిడ్ (మార్ఫిన్ లాంటి బలమైన నొప్పి మందు) ఓవర్‌డోస్ తట్టడమే లేదని రాశారు. వాళ్లను తప్పుపట్టలేం, మన వైపు వార్డుల్లో కళ్లారా చూసేది పురుగుమందు కేసులే కదా.

రెండూ పక్కపక్కన పెట్టి చెప్పండి. పురుగుమందైతే నోట్లో చొంగ, ఒళ్లంతా చెమట, ఛాతీలో గురగుర, కండరాలు అదరడం. ఓపియాయిడ్‌లో ఆ తడి అంతా ఉండదు. మనిషి పిలిస్తే పలకడు, ఊపిరి నిమిషానికి 12 కంటే తగ్గుతుంది, పెదాలు నీలం తిరుగుతాయి. ట్రమడాల్ అనే ఓపియాయిడ్ అయితే ఫిట్స్ కూడా రావచ్చు.

ప్రాక్టికల్‌లో వాచీ పట్టుకుని ఊపిరి లెక్కపెట్టించండి. చూడకుండానే చార్టులో 18 అని రాసే అలవాటు అక్కడే పోవాలి! డాక్టర్‌ని పిలవడం, అంబు బ్యాగ్‌తో (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) ఊపిరి అందించడం ముందు. ఓపియాయిడ్‌కు విరుగుడైన నాలోక్సోన్ ఆ తర్వాతే. పెద్దవాళ్లకు మామూలుగా 0.4 మిల్లీగ్రాములు ఐవీ (నరంలోకి), ఊపిరి పుంజుకోకపోతే 2-3 నిమిషాలకు మళ్లీ, డాక్టర్ ఆర్డర్ మీద. పేషెంట్ లేచి కూర్చోవాలని కాదు, ఊపిరి సరిగా తీసుకుంటే చాలు.

పిల్లలు మర్చిపోయేది ఒకటుంది. నాలోక్సోన్ పని 30-90 నిమిషాల్లో తగ్గిపోతుంది, మార్ఫిన్ ఇంకా ఒంట్లోనే ఉండొచ్చు. మంచం దగ్గర నుంచి కదలొద్దనండి. క్యాన్సర్ పేషెంటైతే పక్కకు తిప్పి, వీపు మీద ఫెంటానిల్ ప్యాచ్ (చర్మం మీద అంటించే ఓపియాయిడ్ పట్టీ) ఉందేమో కూడా చూడమనండి.